అన్నయ్య చోటు

నమోదు 61

తొట్లు బాగున్నాయి. పాచి రంగు ముదురు ఆకుపచ్చ. నాలుగో తొట్టి పంపు మూలుగుతోంది, రేపు విప్పి చూడాలి. వెనక వరస తొట్లు ఎప్పటిలాగే ఎండిపోయి ఉన్నాయి. వాటి పంపులు యుద్ధానికి వెళ్లాయి, ఇంకా రాలేదు.

గాలి షెడ్డు బాధ్యత నాది. మా ఊరు నల్లబయలులో నేల మీద గాలి లేదు. అందుకే ఊరంతా నేల కింద ఉంటుంది, ఊరంతా పీల్చే గాలి ఈ తొట్లలో పాచి నుంచే వస్తుంది. రోజూ వాటి రంగు, వాసన, పంపుల చప్పుడు రాసి కచేరీకి పంపాలి. అక్కడ ఎవరూ చదవరని నాకు చాలాకాలం క్రితమే తెలిసిపోయింది. ఒకసారి విసుగెత్తి కచేరీవాళ్లందర్నీ పేరుపేరునా తిట్టి పంపాను. ఒక్కరూ కిక్కురుమనలేదు. అప్పటినుంచి నాకు తోచినవన్నీ ఇందులోనే రాస్తున్నాను.

ఇవాళ మైకులో ప్రకటన వచ్చింది. అప్పుడు నేను తొట్టి లోపలికి దిగి గోడలు గీకుతున్నాను. మెట్టగ్రహం మీద యుద్ధం చేస్తున్న దళాల్ని అక్కడే ఉంచాలా, వెనక్కి పిలిపించుకోవాలా అన్నది ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకోవచ్చని, ఊళ్లన్నీ కలిసి పెట్టుకున్న కూటమి కబురు పంపిందట. మన ఊరు ఈ నెలాఖరుకి తన మాట చెప్పాలట. పద్దెనిమిదేళ్ల యుద్ధం. ఎందుకు మొదలైందో మా తరంవాళ్లకే సరిగ్గా గుర్తు లేదు, మంచు గనుల కోసమని మాత్రం అంటారు. మా ఊరివాళ్లలో ఒక్కరూ ఆ మంచు ముక్క నోట్లో వేసుకున్న పాపాన పోలేదు.

గీకుడు కర్ర పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మా అన్నయ్య కోదండం అక్కడే ఉన్నాడు. సంతోషించాలనుకున్నాను, ఎంత ఆగినా సంతోషం రాలేదు. భయమూ రాలేదు. మళ్లీ గీకడం మొదలుపెట్టాను.

నమోదు 62

నాలుగో పంపు విప్పాను. లోపల పాచి ముద్ద ఇరుక్కుంది. తీసేశాను, ఇప్పుడు మూలగడం లేదు.

సాయంత్రం అన్నయ్య కబురు వచ్చింది. నెలకోసారి వస్తుంది. అక్కడినుంచి ఇక్కడికి చేరడానికి వారం, మా జవాబు అక్కడికి చేరడానికి ఇంకో వారం. కబురు నడుస్తున్నంతసేపూ తెర మమ్మల్ని కూడా పట్టి, జవాబుతోపాటు అన్నయ్యకి పంపుతుంది. తెర మీద అన్నయ్య మొహం కనబడగానే మా అమ్మాయి తరణి లేచి బయటికి వెళ్లిపోయి, తలుపు దగ్గరగా వేసి, అవతల గోడకి ఆనుకుని కూర్చుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. పాకడం వచ్చిన నాటినుంచి దానికిది అలవాటే.

ఈ ఊళ్లో ఇంత గాలికి ఇంతమందే. ఒక్కొక్కరి వాటాని చోటు అంటాం. ఒక చోటు ఖాళీ అయితేనే ఇంకో బిడ్డని కనాలి. దళంలోకి వెళ్లినవాడి చోటు వాడి ఇంటికే ఇస్తారు. అన్నయ్యకి పెళ్లి కాలేదు కాబట్టి అతని చోటు నాకు వచ్చింది. అందులో తరణి పుట్టింది. ఇప్పుడు దానికి పదిహేను. ఇలాంటివాళ్లని చోటుపిల్లలంటారు, ఊరినిండా వాళ్లే. అప్పట్లో యుద్ధం రెండేళ్లలో అయిపోతుందన్నారు. అన్నయ్య తిరిగొచ్చేసరికి చంటిపిల్లే కదా, నా వాటాలో సర్దుకుంటుందనుకున్నాం.

చోటు నిండిందని దళంలో ఉన్నవాడికి చెప్పకూడదు. ఇది చట్టం కాదు, ఆచారం. చట్టాన్నయినా ఎవరో ఒకరు తప్పుతారుగానీ దీన్ని ఎవరూ తప్పలేదు. మొదట్లో ఒకావిడ ముచ్చటపడి బిడ్డని తెర ముందు ఎత్తి చూపించిందట. ఆ కబురు చేరిన రోజే ఆమె భర్త గాలి టోపీ విప్పేసి గుడారం బయటికి నడిచాడట. నా చోటు నా బిడ్డకి ఉండనీండి అన్నాడట. అప్పటినుంచి దళం వాళ్లకి తెలిసినంతలో ఈ ఊళ్లో పిల్లలే లేరు.

అన్నయ్య ఇవాళ కూడా అవే కబుర్లు చెప్పాడు. కాళ్లు పగిలాయట. వంటవాడు ఉప్పు మర్చిపోయాడట. చివర్లో కాస్త తటపటాయించి, దళాల్ని పిలుస్తారని ఇక్కడ అనుకుంటున్నారు, నిజమేనా అని అడిగాడు. నా మంచం మీద సామాన్లు పడేశావా, ఖాళీగానే ఉందా అని కూడా అడిగాడు. ఆ మంచం మీద తరణి పడుకుంటుంది. ఖాళీగానే ఉందన్నయ్యా, రోజూ దులుపుతున్నాను అని జవాబు చెప్పాను. ఇన్నేళ్లుగా ఇలాంటివి చెప్పీ చెప్పీ నోరు దానంతట అదే చెప్పేస్తోంది.

నమోదు 66

రంగు బాగుంది. వాసన కొంచెం పుల్లగా ఉంది. రెండు రోజులు చూస్తాను.

పక్కింటి తాయారమ్మ పిన్ని పాచి వడియాలు పెట్టడానికి సాయం రమ్మంది. వెళ్లాను. మా ఊళ్లో వడియాలూ పాచే, పచ్చడీ పాచే, పండగనాడు చేసే బూరెల్లో పూర్ణం కూడా పాచే. పిన్ని కొడుకు గిరిధర్ ఆరేళ్ల క్రితం అక్కడే పోయాడు. దళంలో పోయినవాడి చోటు ఆ ఇంటికి శాశ్వతం అవుతుంది. వాడి చోటులో పుట్టిన మనవడికి ఇక ఏ బెంగా లేదు.

పిన్ని కూడా దళాన్ని పిలవమంటుందనుకున్నాను. కొడుకు పోయిన మనిషి, యుద్ధం చాలంటుందనుకున్నాను. ఆవిడ వడియం నొక్కుతూ తలెత్తకుండా చెప్పింది.

"నా కొడుకు అక్కడే ఉన్నాడే హైమా. మట్టిలో ఉన్నా అక్కడే కదా ఉన్నాడు. మనవాళ్లందరూ వచ్చేస్తే వాడొక్కడే అయిపోతాడు. నేను రమ్మనను."

ఇంకో పళ్లెం నింపాను. ఇంటికొచ్చాక ఆవిడ మాట తలుచుకుని ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆవిడ ఎటు నిలబడుతుందో తెలిసింది కదా అని మాత్రం అనుకున్నాను. మనసులో అప్పటికే మనుషుల్ని రెండు వైపులా నిలబెట్టడం మొదలుపెట్టానని అప్పుడే గమనించాను.

నమోదు 70

పుల్ల వాసన తగ్గింది.

కచేరీకి పిలిచారు. ఊరిపెద్ద రుద్రయ్యగారు, ఇంకో నలుగురు పెద్దలు ఉన్నారు. దళం వస్తే గాలి చాలుతుందా అని అడిగారు. చాలదని చెప్పాను. వెనక వరస తొట్లు నడిస్తే చాలుతుంది, కానీ వాటి పంపులు దళంతోపాటే తిరిగి రావాలి, వచ్చాక పాచి ఎదిగిరావడానికి రెండేళ్లు, మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా వచ్చినవాళ్లు ఏం పీలుస్తారని అడిగారు. అది నన్నడిగితే ఎలా, పంపులు పీక్కుపోయేటప్పుడు అడగాల్సింది అన్నాను. రుద్రయ్యగారు నొచ్చుకోలేదు. ఆయనకి నా నోరు అలవాటే.

ఆయన దగ్గర ఒక దారి ఉంది. చోటు ఎవరిది? వెళ్లినవాడిది. వాడొస్తే వాడికివ్వాలి. కాబట్టి తొట్లు ఎదిగేదాకా చోటుపిల్లలు ఊరవతల పాత గనిలో ఉండాలి. అక్కడ ఒక చిన్న గాలి యంత్రం ఉంది. పలుచన గాలే అయినా గాలే కదా అన్నారు.

అందరి వాటా తలా కాస్త తగ్గించండి అన్నాను. ఒకసారి అలా చేశాం. పలుచన సంవత్సరం అంటారు దాన్ని. ఆ ఏడు ముసలివాళ్లు, చంటిపిల్లలు పిట్టల్లా రాలిపోయారు. మా నాన్న కూడా ఆ ఏడే పోయాడు. సరే, నా చోటు తరణికి ఇచ్చి నేను గనికి పోతానన్నాను. తొట్లు ఎవరు చూస్తారన్నారు. పైగా ఒకరి చోటు ఒకరికి మార్చడం మొదలుపెడితే ఊళ్లో బేరాలు మొదలవుతాయి, అది కుదరదు అన్నారు. అదీ నిజమే. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. చెడ్డవాళ్లయితే తిట్టుకోవడానికైనా బాగుండేది.

లేచి వచ్చేస్తుంటే ఒక పెద్దాయన ఓదార్పుగా ఇంకో మాట చెప్పాడు. మనం పిలిచినా అందరూ రారమ్మా, మిగతా ఊళ్ల దళాలు అక్కడే ఉంటాయి, ఇష్టమైనవాళ్లు వాటిలో చేరి ఉండిపోవచ్చు అని. ఎవరికిష్టం అవుతుందండీ అన్నాను.

నమోదు 72

ఇవాళ తొట్ల పని కుర్రాళ్లకి అప్పగించి పాత గనికి వెళ్లాను.

తలుపు తెరవడానికే చాలాసేపు పట్టింది. లోపల గాలి యంత్రం నడుస్తోంది, పేరుకి. గట్టిగా పీల్చినా ఊపిరి సగం దాకానే వచ్చి ఆగుతుంది. కాసేపటికి వేళ్లు మొద్దుబారాయి. తర్వాత పెదాలు. మంచాలు ఎక్కడ వేస్తారా అని చూశాను. గోడ నెమ్ముగా ఉంది. ఇదివరకు ఇక్కడ కూలీలు ఉండేవాళ్లు. మూడేళ్లు ఉన్నవాళ్లలో సగంమంది దగ్గుతూనే పోయారని, వాళ్లతో పనిచేసిన మా ఆయన చెప్పేవాడు. ఆయనా ఆ దగ్గుతోనే పోయాడు, తరణికి తొమ్మిదేళ్లప్పుడు. ఊళ్లో పోయినవాడు కాబట్టి ఆయన చోటు వరసలో ఉన్న ఇంకో ఇంటికి పోయింది.

తిరిగొస్తుంటే సొరంగం దారిలో మైకు వినబడింది. వారం వారం చదివే పేర్లు, అక్కడ పోయినవాళ్లవి. ఆగి విన్నాను. కోదండం పేరు రాలేదు. రాలేదని తెలిశాక నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అయ్యో, ఈ వారం కూడా రాలేదే అనిపించింది. నన్ను ఎత్తుకుని పెంచినవాడు. మా అమ్మ పనికి పోతే నాకు జడ వేసింది, అన్నం పెట్టింది, అన్నీ అతనే. అతని పేరు ఆ చదివే పేర్లలో ఉండి ఉంటే తరణి చోటు దానిదైపోయేది. అంత సులువుగా అనుకున్నాను. నా మీద నాకు అసహ్యం కలగాల్సింది, అదీ కలగలేదు. వేళ్ల తిమ్మిరి మాత్రం ఇంటికొచ్చినా తగ్గలేదు.

నమోదు 77

తొట్లు చూడలేదు. చూసినట్టు రాసుకోండి.

సభ గదిలో పొద్దుటినుంచి వాదనలు. మొదట వీరభద్రం లేచాడు. గాలి వడపోత జల్లెళ్లు కూటమే ఇస్తోంది, దళం అక్కడ ఉంది కాబట్టి ఇస్తోంది, వచ్చేస్తే ఇస్తుందన్న నమ్మకం ఏమిటన్నాడు. అతను జల్లెళ్ల దుకాణం నడుపుతాడు. గనిలో పనిచేసే ఒకతను, పోయినేడాది మీ జల్లెడ పెట్టుకునే కదయ్యా మేం బొగ్గు ఉమ్మింది అన్నాడు. కొంతమంది నవ్వారు. కొందరు గెలవకుండా వచ్చేస్తే ఇన్నాళ్లు పోయినవాళ్లు ఎందుకు పోయినట్టని అడిగారు. ఇంకొందరు గెలవడమంటే ఏమిటో ముందు చెప్పమన్నారు.

తర్వాత సుభాషిణి లేచింది. పెళ్లైన ఏడాదికే భర్త దళంలోకి వెళ్లాడు. ఆమె మెల్లగా మాట్లాడింది, అందరూ ఆగి విన్నారు.

"మా ఆయన గొంతు తప్ప మనిషి నాకు గుర్తులేడు. మనం క్షేమంగా ఉన్నామని వాళ్లక్కడ ఉన్నారు. వాళ్లక్కడ ఉన్నారు కాబట్టి మనం క్షేమంగా ఉన్నాం. ఇలా ఎన్నాళ్లండీ? వాళ్లు మనవాళ్లు కారా?"

సభలో కొంచెం కొంచెంగా గాలి మారుతోందని నాకు తెలుస్తోంది. ఉండాలనే వైపు మనుషులు తగ్గుతున్నారు. తలలు లెక్కపెట్టాను. రెండు వైపులూ దాదాపు సమానం. సుభాషిణి ఇంకో నాలుగు మాటలు మాట్లాడితే అటు మొగ్గేలా ఉంది. అప్పుడు నాకు పాత నిబంధన గుర్తొచ్చింది. గనులకి నెలల తరబడి పోయేవాళ్ల కోసం పెట్టింది. ఊళ్లో లేనివాడికీ సభలో మాట ఉంటుంది, వాడు వచ్చేదాకా వాడి చోటులో ఊపిరి తీసుకుంటున్న మనిషికి పదిహేను నిండితే వాడి తరఫున ఆ మాట చెప్పాలి. పెద్ద చోటుపిల్లలకి పదిహేను నిండింది ఈ మధ్యే. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

లేచి చెప్పాను. దళంలో ఉన్నవాళ్లకీ మాట ఉంది, అది వాళ్ల చోటుపిల్లలు చెప్పాలి, నిబంధన ఉంది చూసుకోండి అన్నాను. సుభాషిణి మొహం పాలిపోయింది. ఆ పిల్లలు ఎటు నిలబడతారో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. తన చోటు తనే పోగొట్టుకునే పిల్ల ఎక్కడైనా ఉంటుందా?

రుద్రయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"హైమవతీ, పిల్లల మీద ఇంత బరువు పెడుతున్నావు. ఆలోచించే అంటున్నావా?"

"ఆలోచించే అంటున్నానండీ" అన్నాను.

కచేరీవాళ్లు నిబంధన వెతికి చదివారు. ఉంది. ఎల్లుండి మాట చెప్పే రోజు. ఇంటికొస్తుంటే వీరభద్రం ఎదురొచ్చి భలే గుర్తుచేశావమ్మా అని మెచ్చుకున్నాడు. అతని మెప్పు నాకు రుచించలేదు. అయినా పని అయింది కదా అనుకున్నాను.

నమోదు 78

తొట్లు బాగున్నాయి.

తరణి పొద్దున్నే అడిగింది, నేను సభలో లేచి అన్నది నిజమేనా అని. నిజమే అన్నాను. పాత గని ఎలా ఉంటుందో వివరంగా చెప్పాను. వేళ్లు మొద్దుబారడం, పెదాలు, నెమ్ము గోడ, వాళ్ల నాన్న దగ్గు. భయపెట్టాలనే చెప్పాను. అది జడ అల్లుకుంటూ విన్నది. ఎటు నిలబడాలో చెప్పమంటావా అన్నాను. వద్దమ్మా, నాకు తెలుసులే అంది.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. తెలివైన పిల్ల, తన మంచి తనకి తెలియదా అనుకున్నాను. మధ్యాహ్నం వాళ్ల వయసు చోటుపిల్లలు పదిమంది దాకా వచ్చి గదిలో కూర్చుని ఏదో మాట్లాడుకున్నారు. నేను వాళ్లకి పాచి జంతికలు పెట్టాను. అందరి మొహాలూ ఒకసారి చూశాను. అందరూ మా వైపేనని లెక్క వేసుకున్నాను.

నమోదు 79

ఇవాళ మాట చెప్పారు.

మా సభలో చేతులెత్తడం, చీటీలు వేయడం లాంటివేవీ లేవు. నడిచి నిలబడాలి. రావాలి అనేవాళ్లు గేటు వైపు గోడకి, ఉండాలి అనేవాళ్లు వంటశాల వైపు గోడకి. ఎవరెక్కడ నిలబడ్డారో ఊరంతా చూస్తుంది. నేను ముందే వెళ్లి వంటశాల గోడకి ఆనుకున్నాను. తాయారమ్మ పిన్ని వచ్చి నా పక్కన నిలబడింది. వీరభద్రం ఇటు పక్క. సుభాషిణి గేటు దగ్గర నిలబడింది, ఎవరి మొహమూ చూడకుండా. పెద్దవాళ్లందరూ సర్దుకునేసరికి రెండు గోడలూ సరిసమానంగా ఉన్నాయి.

అప్పుడు చోటుపిల్లల్ని పిలిచారు. ముందు ఎవరి తరఫున మాట చెబుతున్నారో ఆ పేరు చెప్పి, తర్వాత నడవాలి. మొదటి పిల్లాడు వాళ్ల నాన్న పేరు చెప్పి గేటు వైపు నడిచాడు. పొరపాటు పడ్డాడనుకున్నాను. రెండోవాడూ అటే నడిచాడు. మూడో పిల్ల ఏడుస్తూ నడిచింది, కానీ అటే నడిచింది. నా పక్కన వాళ్ల అమ్మ చెయ్యి చాచి మళ్లీ దించేసుకుంది.

తరణి వంతు వచ్చింది. కోదండం అని చెప్పింది, గట్టిగా. గదిలో అందరికీ వినబడింది. నా వైపు ఒకసారి చూసింది. అది నా దగ్గరికి రావడానికి ఎంత దూరం ఉందో గేటు దగ్గరికీ అంతే దూరం ఉంది. గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది.

మిగతా పిల్లలూ దాదాపు అందరూ అటే. ఒకరిద్దరు మాత్రం ఇటు వచ్చారు. దళం వెనక్కి రావాలని ఊరు తేల్చింది. నేను గుర్తుచేసిన నిబంధనతోనే తేలింది. రుద్రయ్యగారు ఊరి మాట చదివి, చివర్లో ఒక సంగతి గుర్తుచేశారు. దళం ఓడ ఎక్కేదాకా చోటు సంగతి ఎవరూ నోరు జారకూడదు, ఒక్కరికి తెలిసినా మిగతావాళ్లకి పాకుతుంది, వచ్చాక మన పిల్లల్ని మనమే చూపిద్దాం అన్నారు. అందరూ సరేనన్నారు.

ఇంటికొచ్చాక అన్నం పెట్టలేదు, దీపం వెయ్యలేదు. తరణే వేసింది. ఎందుకలా చేశావే అని అడిగాను. కోపంగా అడగాలనుకున్నాను, గొంతులో కోపం కూడా లేదు.

"మావయ్య మాట కదమ్మా చెప్పమన్నావు. నా మాట కాదు కదా. పదిహేనేళ్లుగా తలుపు అవతల కూర్చుని ఆయన మాటలు వింటున్నాను. ఆయనకేం కావాలో నాకు తెలీదా?"

నీకేం కావాలో అన్నాను. నాకు భయంగానే ఉందమ్మా, చాలా భయంగా ఉంది అంది. నా ఒళ్లో తల పెట్టుకుంది. చిన్నప్పుడు పెట్టుకునేది, మళ్లీ ఇన్నాళ్లకి పెట్టుకుంది. దాని నుదురు చల్లగా ఉంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఈ నెలలో మొదటిసారి.

నమోదు 80

తొట్లు బాగున్నాయి. రంగు మంచి ముదురు ఆకుపచ్చ. ఇంత బాగా ఎప్పుడూ లేదు.

చోటుపిల్లలందరూ పొద్దున్నే పాత గని కడగడానికి వెళ్లారు. తరణి చీపురు, పాత బట్టలు పట్టుకుని వెళ్లింది. వెళుతూ గుమ్మంలో ఆగి, మావయ్యావాళ్లు వచ్చాక మొదట ఏమని పిలవాలో అందరం అనుకుంటున్నామమ్మా అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

అది వెళ్లాక తెర ముందు కూర్చున్నాను. నెలకోసారి పంపే కబురు నేను ముందుగానే పంపుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. ఊరి మాట కూటమి ద్వారా చేరేసరికి వారం కంటే ఎక్కువే పడుతుంది. దానికంటే ముందే నా కబురు చేరుతుంది.

అన్నయ్యా, నీకొక మేనకోడలు ఉంది అని చెప్పాను. పేరు తరణి. నీ గెడ్డమే దానికి వచ్చింది. బాగా పాడుతుంది, లెక్కల్లో మాత్రం మొద్దు. ఇన్నేళ్లూ నువ్వు మాట్లాడినప్పుడల్లా తలుపు అవతల కూర్చుని నీ గొంతు వినేది. ఊరు మిమ్మల్నందర్నీ రమ్మంటోంది, నీ తరఫున ఆ మాట తరణే చెప్పింది. నీ చోటులోనే పుట్టింది అన్నయ్యా. నువ్వు వస్తే అది పాత గనిలో ఉంటుంది, తొట్లు ఎదిగేదాకా. ఆ గని నీకు తెలుసు కదా. దాని ఫొటో ఒకటి పెట్టి పంపాను, పోయిన పండగకి తీసింది. అందులో పట్టు పరికిణీ కట్టుకుని ఉంది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. రావద్దని కూడా అనలేదు.

మా అన్నయ్య నాకు తెలుసు. తను తినకుండా నాకు పెట్టిన మనిషి. ఫొటో చూస్తాడు, తర్వాత వెళ్లి ఇంకో ఊరి దళంలో పేరు రాయించుకుంటాడు. లేదా ఆ మొదటివాడిలా గుడారం బయటికి నడుస్తాడు. ఈ రెండిట్లో ఏదో ఒకటి చేస్తాడు. మూడోది చెయ్యడు. తెలియక పంపానని అనలేను.

పంపాక షెడ్డుకి వచ్చి తొట్లు గీకాను. ఇది రాస్తున్నాను. సాయంత్రం తరణి చేతులనిండా మసితో వస్తుంది, దానికి నీళ్లు కాచి పెట్టాలి. కబురు చేరడానికి వారం పడుతుంది. అప్పటిదాకా అన్నయ్యకి నేను మంచి చెల్లెలినే.